మోకాళ్ళ మందు

మా నాయన జన్మలో ఒకే ఒక్క అబద్ధం ఆడాడని నేను అనను. కానీ మా అమ్మ దగ్గర ఆడిన అబద్ధాల్లో ముగ్గుర్ని రైలెక్కించి హైదరాబాదు దాకా తీసుకుపోయింది మాత్రం ఇదొక్కటే.

అప్పటికి నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. సముద్రం వైపు ఒక బోర్డు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మా ఊరు కొడవలూరుకు తూర్పున, కాలువ దిగువన ఉంటుంది. అక్కడి నుంచే సైకిలు మీద బడికి పోయి వచ్చేవాణ్ణి. మా నాయనకు వరి పొలం తప్ప వేరే ప్రపంచం లేదు. నెల్లూరు జిల్లాలో మద్యనిషేధం గట్టిగా ఉన్న రోజులవి. ఆయన పెద్ద తాగుబోతేమీ కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తాటితోపు వైపు పోయి, జీలకర్ర నములుతూ ఇంటికి వచ్చేవాడు. అమ్మ ఏమీ అనేది కాదు. ఆ రోజు చారులో జీలకర్ర వేసేది కాదు, అంతే.

మైపాడు నుంచి ఒకాయన మాకు కావడిలో చేపలు తెచ్చి ఇచ్చేవాడు. తుఫాను గాలి వెలిసిన తర్వాత ఒక రోజు, చేపల బుట్ట అడుగున తడి గోనెలో చుట్టి ఒక సీసా తెచ్చాడు. ఆదివారం కాబట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను.

"వలలో పడింది సామీ. మా చేపలోళ్ళ కుప్పంలో ఎవుడికన్నా చూపిస్తే పోలీసోళ్ళ చెవిన పడద్ది. నువ్వయితే గమ్మునుంటావని తెచ్చినా," అన్నాడు.

ముదురాకుపచ్చ గాజు సీసా. కాగితం ఉప్పునీళ్ళకు ఎప్పుడో ఊడిపోయింది. బిరడా మీద లక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఏ ఓడలో నుంచి పడిందో, ఎన్నాళ్ళు నీళ్ళలో నానిందో తెలియదు. నాయన ఆయనకు వడ్లు కొలిపించి పంపేసి, సీసా పట్టుకొని గడ్డివామి వెనక్కు పోయాడు. నేనూ వెనకాలే పోయాను. బిరడా తీసి ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. నాకు భయమేసి, "నాయనా!" అన్నాను.

"ఉండ్రా. ఇంకా లోపలికి పోతానే ఉండాది," అన్నాడు.

దాని వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. కాలిన పిడక, గాయానికి పూసే టింక్చరు, ఎండకు ఆరేసిన వల, ఈ మూడూ కలిపి మరిగిస్తే వచ్చే వాసన. అది గడ్డివామి దాటి, పెరడు దాటి, వంటింట్లోకి పోయింది. అమ్మ గరిటె పట్టుకొని బయటికి వచ్చింది.

"ఏందది? ఆస్పత్రి కంపు కొడతా ఉండాది?"

నాయనకు మరొక మాట తోచినట్టు లేదు. "మందు మ్మే. ఇంగ్లీషు మందు. మోకాళ్ళ నొప్పులకి రుద్దుకునేది. నీ కోసరమే తెప్పిచ్చినా," అన్నాడు.

అమ్మకు మోకాళ్ళ నొప్పులున్న మాట నిజం. నాట్లకాలం అంతా బురదలో నిలబడీ నిలబడీ కీళ్ళు పట్టేసి, వానాకాలం వస్తే పీట మీద నుంచి లేవలేకపోయేది. ఆమె సీసా చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. నాయన మొహం కూడా ఒకసారి చూసింది.

"నా కోసరం ఇన్నాళ్ళకి ఒక వస్తువు తెచ్చినావు," అని దాన్ని కొంగులో చుట్టుకొని లోపలికి పోయింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకొని, ఆ సీసాలోది అరచేతిలో పోసుకొని మోకాళ్ళకు రుద్దుకునేది. నాయన ఎదురుగా నులకమంచం మీద కూర్చొని చూసేవాడు. ఆయన గొంతులో గుటక పడటం నాకు వినిపించేది. ఒకసారి ఉండబట్టలేక, "రవంత రుద్దితే చాలు మ్మే, జాస్తి అయితే చర్మం కాలద్ది," అన్నాడు. "కాలనీ, హాయిగా ఉండాది," అంది అమ్మ. సీసా ఖాళీ అయ్యేనాటికి అమ్మ నిజంగానే పీట మీద నుంచి చెయ్యి ఊతం లేకుండా లేస్తోంది. నాయన మాత్రం అన్నం సరిగా తినడం మానేశాడు.

ఒక రోజు పొలం గట్టు మీద నన్ను పక్కకు పిలిచాడు.

"అబ్బయా, నువ్వు చదువుకున్నోడివి. అది యాడ దొరకద్ది?"

"నెల్లూర్లో దొరకదు నాయనా. మద్రాసులోనూ నిషేధమే. నిషేధం లేంది హైదరాబాదులోనే, దొరికితే ఆడ దొరకాల."

"అయితే పోదాం. మీ అమ్మకి నేను చెప్తాలే, పెద్ద డాక్టరుకి చూపిస్తామని."

చెప్పాడు. అమ్మ వెంటనే ఒప్పుకుంది గానీ డాక్టరు మాట కొట్టిపారేసింది. "డాక్టరు నాకెందుకు? ఆ మందు అమ్మే కాడికి తీసకపోండి," అంది. ఆ మాటతో నాయన ఎంత సంతోషించాడో అంత హడలిపోయాడు.

వేసవి సెలవుల్లో బయలుదేరాం. అమ్మ ఖాళీ సీసాకు బిరడా బిగించి, తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుంది. వాసన ఇంకా దాని అడుగున ఉంది. బెజవాడలో బండి మారేటప్పుడు బట్టల పెట్టె నా చేతికిచ్చింది, ఫలహారం డబ్బా నాయనకిచ్చింది, సీసా సంచి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. బండిలో నేనొకసారి బిరడా తీయబోతే చేతి మీద కొట్టింది. "వాసన పొయ్యద్ది. అంగడివాడికి ఏం చూపిస్తాం?"

హైదరాబాదులో స్టేషను దగ్గర సత్రంలో దిగాం. స్నానాలయ్యాక, మిట్టమధ్యాహ్నం, ఆబిడ్సులో మొదటి బారుకు పోయాం. నేను అంతవరకు బారన్నది చూసి ఎరగను. ఖద్దరు చొక్కా వేసుకున్న బడిపంతులు, తలపాగా చుట్టిన రైతు, తొమ్మిదిగజాల చీర కట్టి సంచి చంకన పెట్టుకున్న ఆడమనిషి, ముగ్గురూ కలిసి తలుపు తోసుకొని లోపలికి పోయేసరికి అక్కడ మాటలన్నీ ఆగిపోయాయి. అమ్మకు మాత్రం బెరుకు లేదు. గోడకు వరసగా పేర్చిన సీసాల వైపు మెచ్చుకోలుగా చూసింది.

"మన సర్కారు ఆస్పత్రిలో ఇన్ని మందులు యాడుండాయి? చూడు, ఫ్యాను గూడా పెట్టినారు," అంది.

నేను గల్లా దగ్గరి మనిషికి గొంతు తగ్గించి విషయం చెప్పాను. అమ్మ బిరడా తీసి సీసా ఆయన ముక్కు కింద పెట్టింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కు జరిగాడు.

"గిది ఫినాయిల్ గదమ్మా! బాత్రూముల పోసేది!"

"నీ మొహం. నాకు నయమైంది దీంతోనే," అని అమ్మ బిరడా బిగించేసింది. "పదండి. వీడికి మందుల సంగతి తెలవదు."

రెండో బారులో వెయిటరు కాస్త ఓపికమంతుడు. ముసలివాళ్ళను చూసి జాలిపడ్డాడేమో, వాసన చూసి, "గిట్లాంటిది లేదు గానీ, మంచివి జూపిస్త," అని మూడు గ్లాసుల్లో మూడు రకాలు పోసి తెచ్చాడు. అమ్మ ఒక్కొక్క దాంట్లో వేలు ముంచి, మణికట్టు మీద రాసుకొని, రుద్ది, వాసన చూసింది.

"ఇది బెల్లం పాకం. ఇది ఉత్త నీళ్ళు. ఇది... ఇది మన కోమట్ల అంగడిలో తలకి రాసుకునే నూనె."

గ్లాసులు అట్లాగే బల్ల మీద ఉండిపోయాయి. నాయన వాటి వైపు చూసి, పైకప్పు వైపు చూసి, "పారబొయ్యలేం గదా," అన్నాడు. అమ్మ తల తిప్పుకొని కిటికీలోంచి రోడ్డు మీద పోయే డబుల్ డెక్కరు బస్సు చూడటం మొదలుపెట్టింది. బస్సు వెళ్ళిపోయిన తర్వాత కూడా అటే చూసింది. ఆమె ఇటు తిరిగేసరికి మూడు గ్లాసులూ ఖాళీ.

"అది మాత్రం కాదు," అని నాయన నా చెవిలో చెప్పాడు. అంత బాధలోనూ ఆయన మొహం కొంచెం వెలిగింది. వెయిటరు భుజం తట్టి, "బో మంచి ఫ్యాను నాయనా మీది," అన్నాడు.

ఆ వెయిటరే దారి చెప్పాడు. తెల్లదొరల కాలం నాటి సరుకు కావాలంటే సికింద్రాబాదులో ఒక పార్సీ ముసలాయన బారుంది, అక్కడ అడగమన్నాడు. రిక్షా మాట్లాడుకొని పోయాం. చిన్న సందులో పాత మేడ. కింద చీకటి గది, చెక్క బల్లలు, గోడ పొడుగునా ఆకుపచ్చ తెరలు కట్టిన చిన్న చిన్న గదులు. ముసలాయన తెల్ల కోటు వేసుకొని, నల్ల టోపీ పెట్టుకొని గల్లా వెనకాల పేపరు చదువుకుంటున్నాడు. నాతో ఇంగ్లీషులోనూ, అమ్మతో పుస్తకాల తెలుగులోనూ మాట్లాడాడు.

అమ్మ సీసా అందించింది. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, రెండు చేతులతో సీసా పట్టుకొని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. గడ్డివామి వెనక మా నాయన మొహం ఎట్లా అయిందో, ఈయన మొహమూ అట్లాగే అయింది.

"అమ్మా, ఇది మీకు ఎక్కడ దొరికింది?"

"సముద్రంలో," అంది అమ్మ.

అది స్కాట్లాండు పక్కన ఒక చిన్న దీవిలో తయారయ్యే విస్కీ అని ఆయన నాకు చెప్పాడు. అక్కడ నేలలోంచి తవ్విన మట్టిగడ్డలు మండించి, ఆ పొగతో గింజలు ఆరబెడతారట. అందుకే ఆ వాసన. కంటోన్మెంటులో ఉండిన ఒక మేజరు దొర దానికోసమే వచ్చేవాడట. దొరలు వెళ్ళిపోయాక అడిగినవాళ్ళే లేరు. ఒక్క సీసా మిగిలి ఉంది. సీసాగా అమ్మను, కూర్చొని తాగేవాళ్ళకు పెగ్గుల లెక్కన పోస్తాను అన్నాడు. నేను తెలుగులో చెప్పేటప్పుడు విస్కీ అన్న ముక్క మింగేశాను. "దీవిలో మందట అమ్మా. ఇంటికియ్యరంట. ఈడనే వాడాలంట," అన్నాను.

"అట్నే కానీ. కట్టు కట్టేటప్పుడు గూడా ఆస్పత్రిలోనే కూచుంటాం గదా," అంది అమ్మ.

మమ్మల్ని ఒక తెరగదిలో కూర్చోబెట్టారు. రెండు గ్లాసులు వచ్చాయి. నాయన చెయ్యి తన గ్లాసు దగ్గరికి పోయేలోపల అమ్మ దాన్ని తన వైపు లాక్కుంది. చీర మోకాళ్ళ దాకా సర్దుకొని, కాళ్ళు ఎదుటి కుర్చీ మీదికి చాపి, అరచేతిలో పోసుకొని రుద్దడం మొదలుపెట్టింది. పొగ వాసన గదంతా నిండింది. "అబ్బా, అదే! అదేరా అబ్బయా!" అని కళ్ళు మూసుకుంది. నాయన కూడా కళ్ళు మూసుకున్నాడు, ఆయన కారణం వేరు.

అంతలో ముసలాయన, అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు ఎట్లా ఆనందిస్తున్నారో చూద్దామని కాబోలు, నవ్వుకుంటూ తెర పక్కకు లాగాడు. నవ్వు అట్లాగే ఉండిపోయింది. తర్వాత ఆయన వేసిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

"అమ్మా! అమ్మా! ఏం చేస్తున్నారు! అది... అది స్కాచ్!"

"నొప్పేం లేదయ్యా, హాయిగా ఉండాది. నువ్వు కంగారుపడబాక," అంది అమ్మ.

ఆ కేకకు పక్క గది తెర కూడా తొలిగింది. చేతిలో గ్లాసుతో తొంగి చూసిన మనిషి మా హెడ్మాస్టరుగారు. బడిలో ఏ సభ జరిగినా మద్యపానం వల్ల కలిగే నష్టాలు చెప్పకుండా మైకు వదిలే మనిషి కాదాయన. గుండు చేయించుకొని సెలవులంతా తిరుపతి కొండ మీద గడుపుతానని స్టాఫురూములో అందరికీ చెప్పి బయలుదేరారు. జుట్టు జుట్టుగానే ఉంది. నన్ను చూశారు. నేనూ ఆయన్ని చూశాను. ఇద్దరం గుడ్డివాళ్ళమైతే బాగుండునని ఇద్దరికీ అనిపించి ఉంటుంది. నమస్కారం పెట్టాలా వద్దా తెలియక చేతులు సగం దాకా ఎత్తి ఆపేశాను.

బడి సభల్లో ఆయన్ని చూసి ఉన్న అమ్మ మాత్రం మొహం విప్పార్చుకొని పలకరించింది.

"అయ్యవారా! మీక్కూడా మోకాళ్ళేనా?"

హెడ్మాస్టరుగారు గ్లాసు వైపు చూసుకున్నారు. గొంతు సవరించుకున్నారు. "అవునమ్మా," అన్నారు. "మోకాళ్ళే. చాలా రోజులుగా."

"మరి అట్ట చేతిలో పట్టుకోని కూచుంటే ఎట్ట తగ్గద్ది? రుద్దుకోండి. సిగ్గుపడబాకండి, మేమూ మీ వైపోళ్ళమే గదా."

ఆయనకు తప్పించుకునే దారి లేదు. పంచె పైకి తీసి, ఒక మోకాలి మీద నాలుగు చుక్కలు పోసుకొని వేళ్ళతో అద్దుకున్నారు. "అట్ట కాదు, గట్టిగా," అంది అమ్మ. గట్టిగా రుద్దుకున్నారు. "రెండోది?" అంది. రెండోదీ రుద్దుకున్నారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అమ్మ ఆయన్ని వదల్లేదు. నేను ఫ్యాను రెక్కల వైపు చూస్తూ కూర్చున్నాను. నాయన తలపాగా విప్పి మొహం దాచుకున్నాడు, ఆయన భుజాలు కదులుతున్నాయి.

హెడ్మాస్టరుగారు లేచి పోతూ నా పక్కన ఒక క్షణం ఆగారు. తరగతి గదిలో మాట్లాడే ఇంగ్లీషులో, "మీ తల్లిగారు చాలా గొప్ప వ్యక్తి," అని, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆయన నడిచిన దారంతా మందు వాసన.

ముసలాయన ఇంకా తెర పట్టుకొని నిలబడే ఉన్నాడు. మనిషికి చెమటలు పట్టాయి. తన దగ్గర అట్లాంటిది ఉన్నదే ఒక్క సీసా అనీ, దాన్ని కాళ్ళకు పూయడం చూస్తూ తాను బతకలేననీ నాతో ఇంగ్లీషులో మొత్తుకున్నాడు. నేను అమ్మ మోకాళ్ళ సంగతి, గడ్డివామి సంగతి, నాయన ఆడిన అబద్ధం, మొత్తం అంతా ఇంగ్లీషులోనే చెప్పాను. అమ్మ ముందు నిర్భయంగా నిజం మాట్లాడటానికి ఆ భాష అంత పనికొచ్చిన రోజు మరొకటి లేదు. ఆయన విని, నాయన వైపు చాలాసేపు చూసి, అమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు మందు తప్పు వాడుతున్నారు," అన్నాడు గంభీరంగా. "పైన రాస్తే సగమే పని చేస్తుంది. ఇంట్లో ఒకరు రాసుకుంటే, ఒకరు తాగాలి. ఇద్దరూ చేస్తేనే గుణం. తాగకపోతే నేను పొయ్యను."

"ఎవురు తాగాల?" అంది అమ్మ.

"భర్త."

అమ్మ నాయన వైపు తిరిగింది. "వైద్యుడు చెప్పినాక ఇంగేం చేస్తాం? తాగు."

నాయన ఆముదం తాగేవాడి మొహం పెట్టి గ్లాసు అందుకున్నాడు. ముసలాయనే దాంట్లో రెండు చెంచాల నీళ్ళు కలిపి, మెల్లగా తాగమన్నాడు. నాయన ఒక గుక్క తాగి ఊరుకున్నాడు. ఏమైనా అంటాడేమోనని ముగ్గురం ఎదురుచూశాం.

"అదే," అన్నాడు నాయన చివరికి. మెల్లగా రెండో గుక్క తాగాడు.

రెండు రోజులుండి పోదామని వచ్చినవాళ్ళం ఆ సీసా అయిపోయేదాకా హైదరాబాదులోనే ఉండిపోయాం. రోజూ పొద్దున ఫలహారం చేసి, రిక్షా ఎక్కి, బారు తలుపులు తీసేసరికి అక్కడ ఉండేవాళ్ళం. అమ్మకొక పెగ్గు, నాయనకొక పెగ్గు. ముసలాయన అమ్మ కాళ్ళు చాపుకోవడానికి ఒక దిండు కూడా తెప్పించాడు. అమ్మ ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి ఆయనకు పెట్టింది. ఆయన ఒకరోజు పెగ్గులు కొలవడం మరిచి రెండు గ్లాసుల్లోనూ ఎక్కువే పోశాడు. వంగి వంగి అమ్మకు నడుము పట్టేస్తోందని నాలుగో రోజో అయిదో రోజో నాయనే కింద కూర్చొని ఆమె మోకాళ్ళకు రుద్దాడు. ఆయన అమ్మ కాళ్ళు ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. తెర సరిచేసి, బయట గల్లా దగ్గర ముసలాయనతో కూర్చొని పేపరు చదువుకున్నాను.

చివరి రోజు సత్రానికి తిరిగి వస్తుంటే, నాయన ముందు రిక్షాలో పోతున్నాడు. అమ్మా నేనూ వెనక రిక్షాలో ఉన్నాం. ఆయన తలపాగా పక్కకు ఒరిగి ఉంది, రిక్షావాడికి ఏవో నాట్ల కబుర్లు చెబుతున్నట్టున్నాడు.

"చూడు మీ నాయన్ని," అంది అమ్మ. "ఇంటికాడ సీసా అయిపోయినప్పటి నుంచి దిగులు పెట్టుకోని తిరిగినాడు. నాకు నువ్వు పుట్టినప్పుడు గూడా ఇంత సంతోషంగా లేడు."

"అమ్మా, నీకు తెలుసా అదేందో?"

"ఏంది తెలిసేది? మోకాళ్ళ మందు," అంది. సంచి ఒళ్ళో సర్దుకొని, దూరాన సికింద్రాబాదు గడియార స్తంభం చూపించి, టైమెంతయిందో చదవమంది.

సెలవులు అయిపోయి బడి తెరిచాక హెడ్మాస్టరుగారు నన్ను గదిలోకి పిలిచారు. చొక్కా సర్దుకొని లోపలికి పోయాను. ఆయన తలుపు మూసి, "ఏమయ్యా, మీ అమ్మగారికి ఎట్లా ఉంది?" అని అడిగారు. బాగుందని చెప్పాను. ఆయన కాసేపు పెన్సిలు తిప్పుతూ, "నాకూ కొంచెం గుణం కనపడిందయ్యా. విచిత్రం," అన్నారు. ఆ సంవత్సరం నాకు అన్నిటికంటే చిన్న తరగతులు, అన్నిటికంటే తక్కువ పీరియడ్లు వచ్చాయి. మిగతా పంతుళ్ళకు కారణం ఎప్పటికీ అర్థం కాలేదు.

అరవైల చివర మా వైపు నిషేధం ఎత్తేశారు. కొడవలూరు రోడ్డు మీద ఒక షాపు తెరిచారు. తెరిచిన వారంలోనే, నాయన ఏమీ అనకముందే, అమ్మ చీర మార్చుకొని, "పదండి, చూసొద్దాం," అంది. బండి కట్టుకొని ముగ్గురం పోయాం. కుర్రకారు అరుపులూ, తోపులాటా చూసి నాయన బండి దిగలేదు. అమ్మే నాతో కలిసి లోపలికి వచ్చి, ఒక సీసా మూత తీయించి వాసన చూసింది. ఇంకొకటి చూసింది. షాపువాడు బిత్తరపోయి చూస్తున్నాడు.

"ఇవి ఉత్త తాగే మందులు," అని తేల్చేసి బయటికి వచ్చి బండెక్కింది.

నాయన ఎడ్లను మళ్ళించి, దారి పొడుగునా వానల గురించి మాట్లాడాడు.